జెండా బండి నీళ్లు

ఈ కథలో కొన్ని చోట్ల నా మాట మీద మరీ ఆనుకోవద్దు. హుస్సేనప్ప నాకిది చెప్పి చాలా ఏళ్లయింది. బండి రంగు నీలమన్నాడో ఆకుపచ్చ అన్నాడో ఇప్పుడు తేల్చుకోలేను. అతని గురువు నోట వచ్చిన మాటల్లో ఏవి నిజంగా గురువువో, ఏవి చెప్పేటప్పుడు శిష్యుడు కలుపుకున్నవో, ఏవి వింటూ వింటూ నేను అల్లుకున్నవో విడదీయలేను. నీళ్లు కారిన చోటు మాత్రం స్పష్టంగా గుర్తుంది. ట్యాంకు అడుగుకు బెత్తెడు పైన, గొట్టం బయటికి వచ్చే బిగింపు దగ్గర.

ఆ చుక్కను మొదట చూసినవాడు హుస్సేనప్ప. చూసి ఎవరికీ చెప్పనివాడు కూడా అతనే.

పొద్దు వాలే వేళ, ఎర్రకనుమ అనే కొండదారి మొదట్లో, జెండా నడక ఆ రోజుకు ఆగింది. ఏటా వేసవిలో చాంద్‌పీరా తాత అనే ఫకీరు తన శిష్యులనూ మొక్కున్నవాళ్లనూ వెంటబెట్టుకుని, పచ్చజెండా ఎత్తుకుని, కొండల అవతల ఉన్న తన గురువు సమాధి దాకా నడిచేవాడు. ఆ నడకలో సాయిబులుండేవారు, కాపులుండేవారు, బోయలుండేవారు. పీర్ల పేరు పెట్టుకున్న హిందువులకు ఆ సీమలో కొదువలేదు. హుస్సేనప్ప కూడా అలాంటివాడే.

దారి మొత్తంలో భయపెట్టేది కనుమ దాటే రోజు. కొండ మీద బావి లేదు, చెలమ లేదు, ఊరు లేదు. పైగా ఆ రోజుకొక కట్టుబాటు ఉంది. పొద్దున జెండా లేచింది మొదలు, సాయంత్రం అవతలి బావి దగ్గర జెండా దిగేదాకా, నడిచేవాళ్లు ఎవరినీ నీళ్లు అడగరాదు. దారిలో ఎవరడిగినా లేదనరాదు. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారని అడిగితే తాత నవ్వేవాడు. "నేనొచ్చే తలికే ఉండాది" అనేవాడు.

అందుకని నీళ్లు బండిలో వచ్చేవి. బండి అంటే చక్రాల మీద కట్టిన ఒక చిన్న ఇల్లు. ఒకప్పుడు సినిమా షూటింగుల వెంట తిరిగిన పాత కారవాన్. ఇంజను లేదు, ముందు ఏదైనా కట్టి లాగాలి. ఎవరో భక్తుడు కొని తాతకిచ్చాడు. లోపల మంచం, గోడకు అద్దం, అద్దం చుట్టూ వెలగని బల్బులు. అడుగున పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు, దాని పైమూత బండి లోపలి నేలలో తెరుచుకుంటుంది. ఆ బండిని నబీరసూల్ అనే అతను తన ట్రాక్టరుకు తగిలించి లాగేవాడు. తాత ఏనాడూ ఆ మంచం మీద పడుకోలేదు. నడవలేకపోయినవాళ్లు పడుకునేవారు.

పోయిన ఏడు ఆ మంచం మీద కుళ్లాయమ్మ పడుకుంది. వేరుశనగ కాయలు ఒలిచే కూలి ఆమె, వయసు మీదపడిన మనిషి, నోరు మాత్రం పదునైంది. ఆ ఏడు జనం మొదటి మలుపుల్లోనే తాగినంత తాగి, పారబోసినంత పారబోసి, చివరి ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ట్యాంకు ఖాళీ అయింది. ఆ ఎత్తులోనే ఆమె కళ్లు తేలేసి పడిపోయింది. ఆమె పెదవులు తడపడానికి గుడ్డ తడిపేపాటి నీళ్లు కూడా దొరకని ఆ కాసేపు హుస్సేనప్ప మరిచిపోలేదు.

"ఈసారి నీళ్లు నాకు వదిలేయండి తాతా" అని నడక మొదలయ్యే ముందే అడిగాడు. "మాది నీరుగంటి ఇల్లు. మా తాత చేతిలో తూము ఉన్నన్నాళ్లు మా చెరువు నీళ్లు ఒక్క మడికి ఎక్కువ పోలేదు, ఒక్క మడికి తక్కువ పోలేదు."

నీరుగంటి అంటే చెరువు తూము దగ్గర నిలబడి ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేవాడు. ఊరంతా తన చేతివైపు చూస్తుంటే తూము తీసి మూసేవాడు.

తాత అతని ముఖంలోకి చూశాడు. "సరే" అన్నాడు.

హుస్సేనప్ప మొదట చేసిన పని, అందరి చెంబులూ సీసాలూ డబ్బాలూ తీసుకోవడం. తాడుకు గుచ్చి, ముడివేసి, బండి లోపల పెట్టి తలుపు వేశాడు. నీళ్లన్నీ ఒక్కచోట ఉండాలి, ఒక్క చేతి మీదుగా పోవాలి. దప్పికైనవాళ్లు వచ్చి నిలబడితే తనే స్టీలు గ్లాసుతో పట్టి ఇచ్చేవాడు. అందరూ తాగాక తను తాగేవాడు. పొలానికైనా గొంతుకైనా నీరుగంటి వంతు ఆఖరుదని వాళ్లింట్లో ఒక పట్టింపు.

"మా మొగుడు కూడా నాకింత కొలిచి పోయలేదప్పా" అనేది కుళ్లాయమ్మ గ్లాసు అందుకుంటూ.

"నీ కోసమే కదమ్మా ఇదంతా."

"నాకోసమైతే నా చెంబు నాకియ్యి. నేను చస్తే నీ ట్యాంకు మీదనే పడి చస్తాలే, వెతుక్కునే పని ఉండదు."

అతను నవ్వలేకపోయేవాడు.

ఇప్పుడు, కనుమ కింద, ఆ ట్యాంకు అడుగున ఒక చుక్క వేలాడుతోంది. అతను చూస్తుండగానే రాలింది. కాసేపటికి ఇంకొకటి ఊరింది.

వేలితో తుడిచాడు. మళ్లీ ఊరింది. ట్రాక్టరు పెట్టెలోంచి పానా తెచ్చి బండి కిందికి దూరి, గొట్టాన్ని ట్యాంకుకు పట్టి ఉంచే ఆ పెద్ద నట్టును బిగించాడు. చుక్క ఆగింది. ఊపిరి పీల్చుకుని బయటికి వచ్చాడు. మనసు ఒప్పక మళ్లీ దూరి చూశాడు. రెండు చుక్కలు, పక్కపక్కనే.

ఇంకాస్త బిగించాడు. చుక్కల మధ్య ఎడం తగ్గింది. సబ్బు ముక్క రుద్దాడు. దాని మీద గుడ్డ చుట్టాడు. గుడ్డ నానింది. పళ్లు బిగబట్టి పానా మీద ఒళ్లంతా వేసి తిప్పాడు. లోపలెక్కడో కిర్రుమంది. ఈసారి చుక్కలు కాదు, సన్నటి దారంలా ధార.

"నా పానా యాడ పెట్టినావప్పా?" నబీరసూల్ బండి పక్కన వంగి చూశాడు. "ఏందది, బండికి ముక్కు కారుతోందే!"

"గట్టిగా అరవద్దు. తాత వింటాడు."

"వింటే ఏమి? తాతకు జలుబంటే భయమా?"

"నీకు దండం పెడతా నబీ. పొద్దున్నకి నేను బాగుచేస్తా. జనానికి తెలిస్తే అందరూ ఒక్కసారే మీదపడతారు, ఉన్నదీ పోతుంది."

నబీరసూల్ భుజాలెగరేసి పోయాడు. కాసేపటికి తాతే అటు వచ్చాడు. నీళ్ల మీద చెయ్యి వేసి చూడడు ఆయన. మనిషిని చూస్తాడు.

"నీళ్లెట్లుండాయి అబ్బీ?"

"బాగుండాయి తాతా."

తాత తల ఊపి, చేతికర్ర ఆనించుకుంటూ వెళ్లిపోయాడు. తాత వెనక్కి తిరిగి చూసి ఉంటే నిజం చెప్పేసేవాడినని హుస్సేనప్ప నాతో అన్నాడు. ఆయన చూడలేదు.

ధార కింద బేసిన పెట్టాడు. నిండగానే పైన మూత తీసి తిరిగి ట్యాంకులో పోశాడు. మళ్లీ నిండింది, మళ్లీ పోశాడు. కారిన నీళ్లు కారినచోటికే చేరుతున్నాయి, ఏమీ పోవడం లేదు అని తనకు తాను చెప్పుకున్నాడు. కానీ మనిషి ఎంతసేపు మెలకువగా ఉండగలడు? తెల్లవారుజామున ఉలిక్కిపడి లేచేసరికి బేసిన పొర్లి, నేల బురదైపోయి, ట్యాంకులో నీళ్లు జానెడు దిగి ఉన్నాయి.

మొదట వచ్చింది కుళ్లాయమ్మే.

"ఏందప్పా, రాత్రి వాన పడిందా? పడితే ఈడ ఒక్కచోటే పడిందా?"

"అమ్మా, నెమ్మదిగా."

ఆమె వంగి చూసింది. నవ్వబోయిన ముఖం మారిపోయింది. ఆమెకు గుర్తొచ్చిందేమిటో హుస్సేనప్పకు తెలుసు.

"నేను చూసుకుంటా. ఒక్క చుట్టు బిగిస్తే ఆగిపోతుంది. ఒక్కటే చుట్టు."

ఆమె వెళ్లి తాతను పిలుచుకొచ్చింది.

తాత మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా గొంతుకూర్చున్నాడు. బురదను వేళ్లతో తాకాడు. నానిన గుడ్డను చూశాడు, సబ్బును చూశాడు, శిష్యుడి ఎర్రబడిన కళ్లను చూశాడు. అబద్ధం సంగతి ఎత్తలేదు.

హుస్సేనప్ప గబగబా చెప్పుకుపోయాడు. బిగింపు వదులైందని, తను పట్టు వదలలేదని, పానా ఇంకొంచెం పెద్దదైతే ఈపాటికి ఆగేదని, ఎవరూ భయపడే పనిలేదని, గ్లాసుకు బదులు అరగ్లాసు ఇస్తే సాయంత్రం దాకా వస్తాయని.

"రాత్రి ఏం చేసినావు?" తాత అడిగాడు.

"బిగించినా తాతా."

"తగ్గిందా?"

"ఎక్కువైంది."

"ఇప్పుడేం చేద్దామని?"

"ఇంకా బిగించల్ల."

తాత చెయ్యి చాచి, పక్కనే ఉన్న పెద్ద కొళాయిని పూర్తిగా తిప్పేశాడు.

నీళ్లు ఒక్కసారిగా దూకాయి. ఎండిన ఎర్రమట్టి మీద పడి నురగ కట్టాయి. హుస్సేనప్ప నోటివెంట కేక వచ్చింది. ఒక్క గెంతులో వెళ్లి కొళాయి మీద చెయ్యి వేశాడు. మూయబోయిన ఆ చేతి మీద తాత తన చెయ్యి పెట్టాడు. నొక్కలేదు, తోయలేదు. ఊరికే పెట్టాడు. ఆ చెయ్యి ఎంత తేలికగా ఉందంటే, దాన్ని తోసెయ్యడం అతనికి చేతకాలేదు.

"తాతా, జనం చస్తారు!"

"నిండుగా ఉన్నదాన్ని ఎట్ల విప్పుతావబ్బీ?"

హుస్సేనప్పకు ఆ మాట చెవికెక్కింది గాని లోపలికి దిగలేదు. నీళ్ల చప్పుడే వినిపిస్తోంది.

"తాడు విప్పు. చెంబులు తియ్యి" అన్నాడు తాత.

తాడు ముడి రాలేదు. అతనే వేసిన ముడి, గట్టిది. కుళ్లాయమ్మ పళ్లతో కొరికి విప్పింది.

ఇక అక్కడ సంత మొదలైంది. నా చెంబంటే నా చెంబని గోల. ఇత్తడి చెంబులు, నూనె డబ్బాలు, కూల్‌డ్రింకు సీసాలు, ఒకాయన అన్నం తినే టిఫిను గిన్నె. "తొయ్యద్దండప్పా, పెండ్లిలో పాయసమా ఇది?" అంటూ కుళ్లాయమ్మ కొళాయి పక్కన నిలబడి వరస పెట్టింది. నబీరసూల్ డబ్బా తెచ్చాడు. "నా ట్రాక్టరుకూ దప్పికే. అది అడగలేదు గానీ నేనడుగుతుండా. జెండా ఇంకా లేయలేదు కదా, తప్పు లేదు" అన్నాడు. అడుగున మిగిలిన మురికినీళ్లు అతని రేడియేటరుకు పోయాయి.

అందరికీ దక్కింది. హుస్సేనప్పకు దక్కలేదు. అతనికసలు చెంబే లేదు. ఆ గోలలో స్టీలు గ్లాసు ఎటు పోయిందో కూడా అతను గమనించలేదు. ప్రతి పాత్రనూ కళ్లతోనే కొలుస్తూ నిలబడ్డాడు. ఆ సన్నటాయనకు అంత పెద్ద డబ్బా ఎందుకు? ఆ ముసలాయన సీసాకు మూత లేదు, మొదటి మలుపులోనే ఒలికిపోతాయి. తూము దగ్గర నిలబడిన తన తాత ముఖం కళ్లముందు కదిలింది. గండి పడ్డ చెరువు కట్ట మీద ఆయన నిలబడినట్టుంది.

"రా. ఇప్పుడు విప్పుదాం" అన్నాడు తాత.

ట్యాంకు పైమూత చిన్నది. హుస్సేనప్ప చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. తాత చొక్కా చెయ్యి మడిచి, ఎండుకట్టె లాంటి ఆ చేతిని భుజం దాకా లోపలికి దించాడు. చెంప ట్యాంకుకు ఆనించి, కళ్లు మూసుకుని, వేళ్లతో తడుముకుంటున్నాడు. హుస్సేనప్ప బండి కింద పడుకుని నట్టును పానాతో పట్టాడు.

"నువ్వు తిప్పు."

తిప్పాడు.

"ఇది కూడా తిరుగుతోందబ్బీ లోపల."

హుస్సేనప్ప చేతులు ఆగిపోయాయి. రాత్రి తను బయట తిప్పిన ప్రతి తిప్పుకూ లోపలి భాగం కూడా తిరిగిందన్నమాట. బిగిసింది ఏమీ లేదు. రెంటి మధ్య ఉన్న రబ్బరు వాషరు మాత్రం మెలిపడి, నలిగి, పక్కకు జారిపోయింది. ఇప్పుడు తాత లోపల గట్టిగా పట్టుకున్నాడు, నట్టు విడివడింది. చేతిలోకి వచ్చిన వాషరును వెలుగులో చూశాడు. ఒక పక్క పలచగా కొరుక్కుపోయింది. అది పానా చేసిన పని.

నబీరసూల్ పాత ట్యూబు ముక్క ఇచ్చాడు. పాత వాషరు కొలతకు కత్తితో గుండ్రంగా కోశాడు. మొదటిది వంకరపోయింది. రెండోది కుదిరింది. చుట్టూ తుడిచి, ఇసుక రవ్వ లేకుండా చూసి, ట్యూబు ముక్కను మడత పడకుండా కూర్చోబెట్టాడు. అలవాటుగా పానా అందుకున్నాడు.

"అది ఆడ పెట్టు" అన్నాడు తాత పైనుంచి. "నేను లోపల పట్టుకునుండా. నువ్వు చేత్తో తిప్పు. రానన్నప్పుడు ఆపు."

చేత్తోనే తిప్పాడు. నట్టు వచ్చింది, వచ్చింది, ఆగింది. ఇంకొక్క తిప్పు తిప్పాలని వేళ్లు గుంజాయి. చెయ్యి వెనక్కి తీసుకోవడం ఆ రోజు చేసిన పనులన్నింటిలోకీ కష్టమైందని నాతో అన్నాడు.

బయటికి వచ్చి, తడిగుడ్డ విదిలించి, ఊపిరి పీల్చుకున్నాడు. "తాతా, ఒక్క చుక్కా కారడం లేదు!"

నబీరసూల్ పగలబడి నవ్వాడు. "కారేదానికి ఏముందప్పా అందులో, గాలి తప్ప?"

హుస్సేనప్ప ముఖం కందిపోయింది. "అయితే ఇప్పుడే తిరిగి పోయిస్తా. ఏమప్పా, ఏమమ్మా, అందరూ..."

తాత అతని భుజం తట్టి తూర్పువైపు చూపించాడు. కొండ అంచు మీద ఎండ పడింది. జెండా మోసే ముజావరు, దర్గా సేవకుడు, కర్ర భుజానికెత్తుకున్నాడు. పచ్చగుడ్డ గాలికి ఒకసారి కొట్టుకుని విచ్చుకుంది. జెండా లేచింది.

ఇక ఈ రోజు ఎవరినీ నీళ్లు అడగరాదు.

తాత కర్ర అందుకుని, ఏమీ జరగనట్టు నడవడం మొదలుపెట్టాడు.

ఖాళీ ట్యాంకుతో బండి ముందు తేలికగా గంతులేస్తూ పోయింది. దాని వెనక హుస్సేనప్ప, ఖాళీ చేతులతో. నిన్నటిదాకా జనం అతని వైపు చూశారు. ఇవాళ అతను జనం వైపు చూస్తున్నాడు. మొదటి మలుపులోనే ఒకాయన సీసాలోంచి దోసిట్లో పోసుకుని ముఖం కడుక్కున్నాడు. హుస్సేనప్ప వద్దని అరవబోయాడు. ఏ హక్కుతో? ఆ నీళ్లు తనవి కావు. ఇంకొకామె రెండు గుక్కలు తాగి, మూత తిప్పి, సీసాను పైటకొంగులో భద్రంగా కట్టుకుంది. ఆమె అంత పొదుపు చేస్తుందని అతనికి తెలియదు. ఇన్నాళ్లూ తెలుసుకునే పనే లేకపోయింది.

కొండ సగం ఎక్కాక మేకల కాపరి ఒకడు ఎదురొచ్చాడు. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. "అన్నా, జెండా బండి కదా ఇది, ఇన్ని నీళ్లు" అని రెండు చేతులూ చాచాడు.

హుస్సేనప్ప అలవాటుగా ఉరికి కొళాయి తిప్పాడు. కొళాయి ఒకసారి గురకపెట్టి ఊరుకుంది. కాపరి చాచిన దోసిలి అలాగే ఉంది. ఎవరడిగినా లేదనరాదు. ఆ మాట నోట్లోంచి రాబోతోంది. రాకుండా పళ్లు బిగబట్టాడు.

అంతలో వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ దోసిట్లో నీళ్లు పోసింది. పొద్దున ముఖం కడుక్కున్నాయన. ఆ పక్కనుంచి ఇంకో సీసా వంగింది. ఆ తర్వాత టిఫిను గిన్నె. కాపరి తాగి, మిగిలినవి తల మీద చల్లుకుని, మేకల వెంట పోయాడు.

ఎండ ముదిరింది. హుస్సేనప్ప నాలుక అంగిలికి అతుక్కుపోయింది. అడగరాదు. కట్టుబాటు లేకపోయినా అడగగలిగేవాడేనా అని ఆ నడకలోనే మొదటిసారి అనుమానం వచ్చింది. తాత పదడుగుల ముందు నడుస్తున్నాడు. ఆయన చంకలో సొరకాయ బుర్ర ఊగుతోంది. అందులో నీళ్లు కదిలే చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది. తాత వెనక్కి తిరగలేదు.

చివరి ఎత్తు వచ్చింది. కుళ్లాయమ్మ ఉన్నట్టుండి ఒక బండరాయి పక్కన కూలబడింది.

హుస్సేనప్ప పరుగెత్తాడు. మోకాళ్ల మీద పడ్డాడు. పోయిన ఏడు పడింది ఇక్కడే, ఈ మలుపులోనే. "అమ్మా! అమ్మా, కండ్లు తెరువు! ఎవరైనా..." అని తల తిప్పాడు. నోటి చివర దాకా వచ్చిన 'నీళ్లు ఇయ్యండి' అనే రెండు మాటలనూ అతను మింగాడు. మింగడానికి నోట్లో తడి లేదు.

"తెరిచే ఉండాయి కదప్పా కండ్లు" అంది కుళ్లాయమ్మ. "నేను పడలేదు. కూచున్నా. కాలు పీకింది. ఎందుకట్ల అరుస్తావు, సచ్చినదాన్ని లేపినట్టు?"

ఆమె పైటలోంచి ఇత్తడి చెంబు తీసింది. సగానికి పైగా ఉన్నాయి నీళ్లు. అతను ఆ చెంబును చూశాడు, ఆమెను చూశాడు, చూపు పక్కకు తిప్పుకున్నాడు.

"నీ మూతి చూసినావా? బీడుపొలం మాదిరి పగిలిండాది. పొద్దున్నుంచి చూస్తుండా, అడుగుతాడేమో అని. అడగవు. అడగరాదనుకో. అడగొచ్చు అన్నా నువ్వు అడిగే రకం కాదు. దోసిలి పట్టు."

"నీకు చాలవు అమ్మా."

"నా నీళ్ల లెక్క ఇప్పుడు కూడా నువ్వే చూస్తావా? పట్టు!"

అతను దోసిలి పట్టాడు. జీవితంలో ఎందరి దోసిళ్లలోనో నీళ్లు పోశాడు గాని, తన రెండు చేతులూ అలా కలిపి ఒకరి ముందు వంగిన గుర్తు లేదు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోతున్నాయి. ఆపడానికి వేళ్లు బిగించబోయాడు, నీళ్లు ఇంకా పోయాయి. కుళ్లాయమ్మ పోస్తూనే ఉంది. ఇక చేతుల్ని పట్టించుకోకుండా తల వంచి తాగాడు. కళ్లెత్తేసరికి చుట్టూ ఇంకా నాలుగైదు పాత్రలు చాచి ఉన్నాయి. అందులో మూత లేని ఆ సీసా కూడా ఉంది. మూత బదులు దాని మూతికి ఒక ఆకు చుట్టి పెట్టారు.

తాత దూరంగా కర్ర మీద గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. ఎవరినీ తొందరపెట్టలేదు.

పొద్దు వాలేముందు అందరూ కొండ దిగారు. బావి దగ్గర జెండా దిగింది. గిరక చప్పుడు మొదలైంది. జనం కాళ్లు కడుక్కున్నారు, ఒకరి మీద ఒకరు చల్లుకున్నారు. హుస్సేనప్ప తోడడానికి నిలబడ్డాడు. మొదటి చేద పైకి రాగానే ట్యాంకు వైపు రెండడుగులు వేశాడు. ఆగాడు. వెనక్కి వచ్చి, వరసలో ముందున్న చెంబులో వంచాడు. తర్వాతి చెంబు, ఆ తర్వాత డబ్బా. అన్నీ నిండాకే ట్యాంకు వైపు వెళ్లాడు. తాడు మాత్రం బండిలోంచి తీసి నబీరసూల్‌కు ఇచ్చేశాడు, ఏ గడ్డిమోపుకైనా కట్టుకోమని.

చీకటి పడకముందే తాత దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"తాతా, నిన్న సాయంత్రం మీరు అడిగినప్పుడు నేను..."

తాత సొరకాయ బుర్రను బావి గట్టు మీద పెట్టి, చుట్టూ ఉన్న పాత్రలను వరసగా చూశాడు.

"వీటిల్లో నీదేది?"

"నాది లేదు తాతా. నాకు చెంబు లేదు."

"ఎప్పుడూ లేదా?"

"ఎప్పుడూ లేదు."

తాత బుర్రను మళ్లీ చంకకు తగిలించుకున్నాడు. తర్వాత అన్నాడు:

"రేపు సంత ఉండాది. ఒకటి కొనుక్కో."

ఆ తర్వాత హుస్సేనప్ప నిండిన ట్యాంకు కిందికి దూరాడు. కొత్తగా వేసిన బిగింపు కింద అరచెయ్యి పట్టి కాసేపు పడుకున్నాడు. బయటికి వచ్చి చేతిని వెలుగులో చూసుకున్నాడు. ఆ అరచేతిలో తడి ఉందో లేదో అతను నాకు చెప్పాడు. కావాలనే అది ఇక్కడ రాయలేదు.